పొయ్యి దగ్గర ఎవరు?

తుమ్మపాల, అనకాపల్లి దగ్గర
డిసెంబరు 4

ఇందూ,

నేను మునగపాక పావనిని. ముందుగా నా చేతిరాతకీ, తప్పులకీ ఏమీ అనుకోకు. ఏడో తరగతి అయిపోయి పన్నెండేళ్ళు దాటింది. ఆ తరవాత పొదుపు సంఘం పుస్తకంలో సంతకం పెట్టడానికి తప్ప పెన్ను పట్టలేదు. ఒత్తు ఎక్కడ పెట్టాలో తెలియని చోట రెండు అక్షరాలకీ పెట్టేసేను, నీకు కావలసింది ఉంచుకో. గీతల కాగితం దొరకలేదు. అందుకే వరసలు కిందకి జారిపోయేయి.

నువ్వు విశాఖపట్నంలో ఆడవాళ్ళ పత్రికలో పనిచేస్తున్నావని మా చెల్లి హాసిని చెప్పింది. అది ప్రతి నెలా మీ పత్రిక కొని నాన్నకి చదివి వినిపిస్తాది. అందుకే నీకు ఒక కథ పంపుతున్నాను. నవ్వకు.

కథ రావికమతం వైపు జరిగిందని ఎవరో అంటే విన్నాను. ఒక ఇంటి కోడలికి చెరకు చేలో పాము కరుస్తాది. ఆవిడ బెల్లం వండుతున్న మొగుడి దగ్గరకి నడిచొచ్చి ఆసుపత్రికి తీసుకెళ్ళమంటాది. పాకం మధ్యలో ఉంది, పెనం దించేక వెళ్దాం అంటాడు. ఆవిడ చచ్చిపోతాది. అంతే కథ.

నాకు ఒకటి తేలడం లేదు. మొదట "నేను" అని మొదలుపెట్టేను. చెయ్యి ఆడలేదు, మూడు కాగితాలు చింపేసేను. "ఆవిడ" అని మార్చేక ఒక్క మధ్యాహ్నంలో అయిపోయింది. కానీ ఇప్పుడు చదువుకుంటే ఎక్కడో, ఎవరికో జరిగినట్టు ఉంది. కథలు రాసేవాళ్ళు "నేను" అనాలో "ఆవిడ" అనాలో ఏం చూసి తేల్చుకుంటారు?

ఇది మాఘమాసం లోపు అచ్చవ్వాలి. హాసినికి మా బావగారు నానాజీతో సంబంధం అనుకుంటున్నారు. మా తోటికోడలు కనకమహాలక్ష్మి పోయి ఏడాది కావస్తోంది కదా, మూడేళ్ళ పాప దుర్గ ఉంది. హాసిని అయితే పాపని సొంత తల్లిలా చూస్తాదని మా అత్తగారు పట్టుబట్టేరు. నాన్న సరే అనేలా ఉన్నాడు. ఈ పెళ్ళి జరగకూడదు ఇందూ. ఎందుకని అడగకు. హాసిని ఈ కథ చదవాలి.

నాకు ఫోను లేదు, ఇంట్లో ఉన్నవి మగవాళ్ళ జేబుల్లోనే ఉంటాయి. ఈ ఉత్తరం పూడిమడక నుంచి చేపలు తెచ్చే కొర్లమ్మ పోస్టు డబ్బాలో వేస్తాది. జవాబు ఆవిడ పేరునే రాయి, చిరునామా వెనక ఉంది. ఆవిడకి చదువు రాదు. అందుకే ధైర్యం.

పావని

*

విశాఖపట్నం
డిసెంబరు 11

పావనీ,

నీ కవరు తెరిస్తే మా ఆఫీసంతా ఎండుచేపల వాసన. "ఎవరమ్మా ఈ రచయిత్రి, సముద్రంలోంచి రాసిందా?" అన్నారు మా సంపాదకురాలు. తరవాత కథ చదివి, వెంటనే మళ్ళీ మొదటి నుంచి చదివారు. బళ్ళో నీ వంతు పద్యం కూడా నేనే అప్పజెప్పేదాన్ని, గుర్తుందా? నువ్వు నా వెనక నిలబడి జడ పీకుతూ ఉండేదానివి. ఆ పిల్లేనా ఇది రాసింది!

నీ ప్రశ్నకి వస్తాను. "నేను" అంటే చదివేవాళ్ళు ఆ మనిషి పక్కనే కూర్చుంటారు. ఆ మనిషికి కనిపించిందే వీళ్ళకీ కనిపిస్తుంది. నమ్మకం ఎక్కువ, కానీ చూపు అక్కడికే ఆగిపోతుంది. "ఆవిడ" అంటే రాసేవాళ్ళు ఎక్కడైనా నిలబడవచ్చు, ఎవరి మనసులోకైనా వెళ్ళవచ్చు. నీ కథలో కోడలు చనిపోతుంది. చనిపోయిన మనిషి చేత "నేను" అనిపించడం కష్టం. అందుకే "ఆవిడ" అన్నది తప్పు కాదు.

కానీ ఒక సంగతి చెప్తాను, కోప్పడకు. నీ కథ ఎవరి మనసులోకీ వెళ్ళడం లేదు. ఒక్క చోట కూర్చుని చూస్తోంది, అదీ కింద నుంచి. మొగుడి మోకాళ్ళు కనిపిస్తున్నాయి, మొహం ఆవిరిలో ఉంది. కోడలి మడమ మీద రెండు ఎర్ర చుక్కలు కనిపిస్తున్నాయి. నిలబడ్డవాళ్ళకి అవి కనిపించవు. పైగా పెనం కింద మంట తగ్గలేదని మూడుసార్లు రాశావు. మంట దానంతట అది ఉండదు కదా, ఎవరో ఒకరు చెరకు పిప్పి ఎగదోస్తూ ఉండాలి. పొయ్యి దగ్గర ఎవరు? కథ అంతా చూసింది ఆ మనిషే. ఆ మనిషిని కథలోకి తీసుకురా, ఆమె చేత "నేను" అనిపించు. అప్పుడు చూడు.

హాసిని పెళ్ళి మీద నీకు ఎందుకంత బెంగ? నానాజీ గారు భార్యని చేలో పడి ఉండగా చూసి భుజాన వేసుకుని రోడ్డుదాకా పరుగెత్తారని మునగపాకలో అందరూ చెప్పుకున్నారు. అలాంటి మనిషి దొరకడం అదృష్టమే. నీకూ తోడు ఉంటుంది.

ఇందు

*

తుమ్మపాల
డిసెంబరు 19

ఇందూ,

పొయ్యి దగ్గర ఎవరూ లేరు. ఎవరో కూలిమనిషి ఉంటాది. ఆవిడకి పేరెందుకు, మాటెందుకు. కథ ఆవిడది కాదు. "నేను" వద్దు. "ఆవిడ" అనే ఉంచు. నా పేరు కూడా వెయ్యకు.

నిన్న తాంబూలాలు అయిపోయేయి. ఫిబ్రవరి పదహారు ముహూర్తం, మునగపాకలో. నేనే మంచినీళ్ళు ఇచ్చేను అందరికీ. హాసిని నా చెవిలో, "అక్కా, ఇంక రోజూ తగువులాడుకోవచ్చే" అని నవ్వింది. దాని చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కెళ్దాం అనుకున్నాను. మా అత్తగారు కాసులమ్మ నా వెనకే ఉన్నారు. "ఏటే పావనీ, సెల్లితో గుసగుసలు? మాకూ సెప్పు, నవ్వుకుంతాం" అన్నారు. ఏమీ లేదండీ అన్నాను.

జనవరి పత్రికలో వెయ్యి. నీ కాళ్ళు పట్టుకుంటాను. నాకు ఇంకో దారి లేదు.

పావని

*

విశాఖపట్నం
జనవరి 6

పావనీ,

ఈ నెల పత్రికలో నీ కథ వచ్చింది. "పాకం" అని పేరు పెట్టాను. నువ్వు అడిగినట్టే "ఆవిడ" అనే ఉంచాం, పేరు వెయ్యలేదు. అక్కడక్కడా వాక్యాలు సరిచేశాను. ఆ మొగుణ్ణి కొంచెం ముతకగా మాట్లాడించాను, చదివేవాళ్ళకి కోపం రావాలని. బాగా కుదిరిందని అందరూ అంటున్నారు.

పొయ్యి దగ్గర ఖాళీ మాత్రం అలాగే ఉంది. అచ్చులో చూస్తే ఇంకా పెద్దగా కనిపిస్తోంది.

ఇందు

*

తుమ్మపాల
జనవరి 20

ఇందూ,

అంతా తలకిందులైపోయింది.

మొన్న పెళ్ళి చీరలు కొనడానికి నాన్న, హాసిని అనకాపల్లి వచ్చి మధ్యాహ్నం మా ఇంటికి భోజనానికి వచ్చేరు. హాసిని సంచిలో మీ పత్రిక ఉంది. తిన్నాక అరుగు మీద కూర్చుని, "అక్కా, ఒక కథ వచ్చింది, వింటే ఏడుస్తావు" అని పైకి చదవడం మొదలుపెట్టింది. నాన్న, మా ఆయన, అత్తగారు, బావగారు అందరూ అక్కడే ఉన్నారు. నేను గడపలో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నాను. ఇప్పుడు అర్థమవుతాది, ఇప్పుడు అర్థమవుతాది అని ప్రతి వాక్యానికీ అనుకున్నాను.

చదవడం అయ్యింది. అత్తగారు కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. నాన్న, "ఈ కాలంలో కూడా ఉన్నారేటి అలాటోళ్ళు?" అన్నాడు.

అప్పుడు మా బావగారు అన్నారు కదా, "అలాటోణ్ణి సెప్పుతో కొట్టాల మామా. పెళ్ళాం సచ్చిపోతంటే బెల్లం సూసుకుంతాడా?"

నటిస్తున్నాడేమో అని మొహంలోకి చూసేను. ఎప్పుడూ చూడను, ఆ రోజు చూసేను. నటన కాదు ఇందూ. నిజంగానే కోపం వచ్చింది ఆయనకి. నువ్వు ఆ మొగుడి చేత ముతకగా మాట్లాడించేవు కదా. ఈయన ఎప్పుడూ ముతకగా మాట్లాడడు. అందుకని అది తను కాదు అనుకున్నాడు.

హాసిని ఏమందో తెలుసా? "కనకక్కకీ ఇలాగే పాము కరిసింది పాపం. కానీ మన బావ సూడు, కనిపించగానే భుజానేసుకుని పరుగెట్టేడు. ఈ కథ సదివేకే నాకు బావంటే గౌరవం ఇంకా పెరిగింది." అని సిగ్గుపడి లోపలికి వచ్చేసింది. అందరూ నవ్వేరు.

నేను దాన్ని ఆపడానికి రాసిన కథ దాన్ని ఆయన దగ్గరకే తోసింది.

అత్తగారు ఒక్కరే నవ్వలేదు. సాయంత్రం అందరూ వెళ్ళేక వంటింట్లోకి వచ్చి, "ఆ కథ ఎవులు రాసేరో నాకు తెలవదు. పాప తల మీద ఒట్టేసినోళ్ళు మాత్రం రాయరు" అన్నారు.

ఇందూ, పొయ్యి దగ్గర ఎవరు అని అడిగేవు. నేనే. పిప్పి ఎగదోసింది నేనే. అది రావికమతం కాదు, మేం బెల్లం వండే మా గానుగ పాకే. కనకక్క చేలో పడిపోలేదు. తనే నడిచొచ్చింది. నా పక్కన కూర్చుంది. గంటన్నర కూర్చుంది.

ఆ రాత్రి అత్తగారు నా చెయ్యి తీసుకెళ్ళి నిద్రపోతున్న దుర్గ తల మీద పెట్టేరు. "నేను సూడలేదు, నేను ఇంట్లోనే ఉన్నాను అను. నోరు జారితే ఈ పిల్లకే తగులుతాది" అన్నారు. అన్నాను. తెల్లారి పోలీసులు అడిగితే అన్నాను. నాన్న అడిగితే అన్నాను. అందుకే "నేను" అని రాయబోతే చెయ్యి ఆడలేదు. "ఆవిడ" అని రాస్తే ఒట్టు తప్పినట్టు కాదు, పాపకి ఏమీ కాదు అనుకున్నాను. దాక్కుని చెప్పొచ్చు అనుకున్నాను.

ఇంక ఇరవై ఏడు రోజులు ఉంది. నాకు అన్నం దిగడం లేదు. ఏం చెయ్యమంటావు?

పావని

*

విశాఖపట్నం
ఫిబ్రవరి 1

పావనీ,

నీ ఉత్తరం చదివి ఆఫీసులో కూర్చోలేకపోయాను. నన్ను క్షమించు. నువ్వు కేకపెడుతుంటే నేను వాక్యాలు సరిచేశాను. మొగుణ్ణి ముతకగా మార్చింది నేనే. కథకి బాగుంటుందనుకున్నాను. నీ కథలో అతను మెత్తగా, "పది నిమిషాలే" అన్నాడు. అది అలాగే ఉంచి ఉంటే ఆయన గుర్తుపట్టి ఉండేవాడేమో.

నీకు చెప్పకుండా ఒక పని చేశాను. ఆదివారం మునగపాక వెళ్ళి హాసినిని కలిశాను. చేలగట్టు మీద కూర్చోబెట్టి ఉన్నదంతా చెప్పాను. మొదట తెల్లబోయింది. తరవాత, "ఇదంతా అక్క నీతో అందా? మరి నాన్న అడిగితే నేను ఇంట్లో ఉన్నానండీ అని చెప్పింది అక్కే కదా. నువ్వు కథలు రాసే మనిషివి ఇందక్కా, ఆ పత్రికలో కథని తెచ్చి మా ఇంటికి అంటించకు" అంది. ఇంకా బతిమాలితే, "అక్కకి నేను ఆ ఇంటికి రావడం ఇష్టం లేదేమో. నాతో అనొచ్చు కదా, నీతో ఎందుకు చెప్పించింది?" అని ఏడ్చింది.

నా నోట్లోంచి వచ్చినా అది "ఆవిడ చెప్పింది" అయిపోయింది. ఎవరో, ఎక్కడో. నేను నీకు కథ గురించి చెప్పిన పాఠం నాకే తెలియలేదు. చూసినవాళ్ళు చెప్తే తప్ప ఇది నిలబడదు.

ఒట్టు సంగతి నేను తేలిగ్గా తీసెయ్యను. నీకు ఆ పాప అంటే ప్రాణం అని తెలుసు. ఒక్కటే అడుగుతాను. ఆ రోజు పాప తల మీద ఉన్న చెయ్యి నీది. మాట ఎవరిది?

నాకు రాయకు. హాసినికి రాయి. నేను ఒక్క అక్షరం కూడా సరిచెయ్యను.

ఇందు

*

తుమ్మపాల
ఫిబ్రవరి 8

హాసినీ,

ఈ ఉత్తరం కొర్లమ్మ నీ చేతికే ఇస్తాది. ఇంకెవరికీ ఇవ్వొద్దని చెప్పేను. గుమ్మంలో చదవకు. లోపలికి వెళ్ళి కూర్చో.

ఇందు చెప్పింది నిజం. నువ్వు దాని మీద కోప్పడకు, నా మీద కోప్పడు. నాతో అనొచ్చు కదా అక్కా అన్నావట. అంటున్నాను.

నేను ఇంట్లో లేను. ఆ రోజు కూలీలు దూరం చేలో చెరకు కొడుతున్నారు. మా ఆయన బెల్లం వేసుకుని అనకాపల్లి మార్కెట్టుకి వెళ్ళేరు. పాకలో బావగారు, నేను, అంతే. బావగారు పెనం కలుపుతున్నారు. నేను కింద పొయ్యి మూతి దగ్గర కూర్చుని పిప్పి ఎగదోస్తున్నాను.

కనకక్క చెరకు ఆకు ఏరుతున్న చేలోంచి వచ్చింది. చీర అంచు చింపి మడమ పైన కట్టుకుంది. నడుస్తూనే వచ్చింది, ఏడవడం లేదు. "ఇదిగో, నన్ను పాము కరిసినాది. బండి తియ్యి" అంది.

"పాముని సూసేవా?" అన్నారు.

"తోక సూసేను."

"ఏ నీరుకట్టో అయ్యుంతాదిలే, దానికి ఇసం ఉండదు. పాకం వచ్చేత్తన్నాది. పది నిమిషాల్లో దించేసి ఎల్దాం, కూకో" అన్నారు. మెత్తగానే అన్నారు. ఆయన మంచినీళ్ళు కూడా ఇచ్చేరు. తరవాత నాతో, "పావనీ, మంట తగ్గనీకు" అన్నారు.

నేను తగ్గనివ్వలేదు.

పెనం దించేరు. కనకక్క లేచింది. అప్పుడు ఆయన, "పొయ్యి సల్లారిపోతే మళ్ళా మొదలెట్టాల. రసం పులిసిపోతాది. ఇంకొక్కటి పోసేత్తాను, ఈలోగా తమ్ముడొచ్చేత్తాడు, వాడికి అప్పజెప్పి ఎల్దాం" అని రెండో పెనం పోసేరు. ఆయన చొక్కా జేబులో ఫోను ఉంది. నూట ఎనిమిదికి చేస్తే అంబులెన్సు వస్తాదని నాకు తెలుసు. ఆ మాట నా గొంతులో ఉంది. బావగారి ఎదురుగా నేను ఎప్పుడైనా మాట్లాడేనా? అప్పుడూ మాట్లాడలేదు.

కనకక్క నా పక్కన పిప్పి కుప్ప మీద కూలబడింది. "కళ్ళు మూసుకుపోతన్నాయే పావనీ" అంది. కొంచెంసేపటికి, "నువ్వైనా సెప్పవే" అంది. నాలిక మడత పడిపోతోంది. మాట స్పష్టంగా రావడం లేదు, కానీ నాకు అర్థమయ్యింది. అర్థం కాలేదని ఏడాదిగా నాకు నేను చెప్పుకుంటున్నాను. అయ్యింది.

ఇంకొకటి ఉంది. ఇది ఇందుకి కూడా రాయలేదు, కథలోనూ రాయలేదు. చివరికి మాట ఆగిపోయేక కనకక్క నా కొంగు పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది. పిప్పి ఎగదోయడానికి అడ్డం వస్తోందని నేను కొంగు లాక్కున్నాను. ఆవిడ కాదు, కూలిమనిషి కాదు. నేను లాక్కున్నాను.

బావగారు ఆవిణ్ణి భుజాన వేసుకుని పరుగెత్తింది నిజం. అది రెండో పెనం కూడా దించేక. చేలో దొరికిందని ఆసుపత్రిలో చెప్పేరు. చెప్పీ చెప్పీ ఆయనకి అదే నిజం అయిపోయింది. ఆయన రాక్షసుడు అని నేను అనను. నిన్ను కొట్టడు, తిట్టడు. కానీ నీకు ఏదైనా అయ్యి, "ఇదిగో" అని పిలిచినప్పుడు ఆయన పెనం మీద ఏదో ఒకటి ఉంటాది. పొయ్యి దగ్గర కూర్చుని నేను ఉంటాను. నేను ఎలాటిదాన్నో ఇప్పుడు నీకు తెలిసింది. నన్ను నమ్ముకుని కూడా ఈ ఇంటికి రాకు.

పాప గురించి భయం ఉంది. ఈ ఉత్తరం మొదలుపెట్టిన దగ్గరనుంచి నాలుగుసార్లు లేచి వెళ్ళి చూసొచ్చేను. ఆడుకుంటోంది. పాపకి ఏదైనా తగలాలంటే నాకు తగలాలని నూకాలమ్మ తల్లికి దండం పెట్టుకున్నాను. పాపని నేను చూసుకుంటాను. నన్ను ఈ ఇంట్లో ఉంచితే ఇక్కడ చూసుకుంటాను. ఉంచకపోతే అప్పుడు చూద్దాం.

ఇది నాన్నకి చదివి వినిపించు. మధ్యలో ఏదీ వదలకు, కొంగు మాట కూడా. నాన్న నమ్మకపోతే తాంబూలాల రోజు కూర్చున్న పెద్దలందరినీ కూర్చోబెట్టి నాకు కబురు పంపు. వస్తాను. మా ఆయన వద్దన్నా వస్తాను.

నాన్నకి వినిపించేక ఈ కాగితాలు పొయ్యిలో పెట్టెయ్యి. ఎవరైనా చూస్తారని కాదు. ఇవి మిగిలి ఉంటే, పెద్దలు కూర్చున్న రోజు వీటిని నీ చేత చదివించి నేను నీ వెనకాల నిలబడిపోతాను. నా సంగతి నాకు తెలుసు. ఒక్క ముక్క కూడా దాచకుండా కాల్చెయ్యి హాసినీ. నేను నోటితో చెప్పాలి.

మీ అక్క
పావని